మూతబడిన గిరణీలు - మాటాడని గోడలు
(పాఠశాల అమృతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



షోలాపురమునకు వచ్చిన యాత్రికులు సిద్ధేశ్వర తటాకమును, భుయికోటను దర్శించి, ఒక దుప్పటి కొనుక్కొని రైలెక్కుతారు. పూర్వభాగంలోని సాఖర్ పేట, దాజీ పేట, భవానీ పేట, భద్రావతి పేటల వైపు వారినెవరూ తీసుకొని పోరు. అక్కడ శిల్పములు లేవు, శాసనములు లేవు. ఉన్నవల్లా మగ్గాల చప్పుడు, బీడీ చాటలు ఒడిలో పెట్టుకొన్న తల్లులు, తాళాలు పడిన కార్ఖానాలు, ప్రహరీలు మాత్రం మిగిలిన గిరణీ స్థలాలు. వింతలు చూడదలచిన వారు దూరదేశాలకే పోనక్కరలేదు. కారణం తెలియనంత వరకు పక్క వీధిలోని పాడుగోడ కూడా వింతయే. కారణం తెలిసిన నాడు అదే చరిత్ర.

1860లో రైలుమార్గము షోలాపురమునకు చేరినది. ఆ దారినే దూదికి గిరాకీ వచ్చినది, బొగ్గు వచ్చినది, యంత్రములు వచ్చినవి. ముంబయి వర్తకుడు మొరార్జీ గోకుల్‌దాసు పూనికతో ఏర్పడిన షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు 1877లో నడక ప్రారంభించినది. దక్కను దేశమును 1876-78 సంవత్సరాల మహాక్షామము పీడించిన కాలమది. నిజాం రాజ్యములోని కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతాల నుండి పద్మశాలీలు తరతరాలుగా ఈ పట్టణమునకు తరలి వచ్చి స్థిరపడినారు. తరువాత లక్ష్మీ, విష్ణు, నరసింగ్ గిర్జీ, జామ్‌శ్రీ మిల్లులు వెలసినవి. మొదటిది ముసలిదైనందున ప్రజల నోట అది ‘జునీ గిరణీ’ అయినది.

గిరణీ కట్టడమును పుస్తకమును చదివినట్లు చదువవచ్చును. పొగగొట్టము అంత ఎత్తుగా ఎందుకు కట్టినారు? వేడిగాలి పైకి పోవును. గొట్టమెంత ఎత్తయితే కొలిమిలోనికి గాలి అంత బలంగా లాగబడును. బొగ్గు బాగుగా మండి ఆవిరి పుట్టును. ఆ ఆవిరి ఒక పెద్ద యంత్రమును త్రిప్పితే, దాని నుండి ఇరుసులు, పట్టీల ద్వారా వందల మగ్గాలకు కదలిక అందేది. రంపపు పళ్ళవలె కనిపించే పైకప్పును చూచినవారు, దాని అద్దాలు ఏ దిక్కుకు తిరిగి ఉన్నవో గమనించవలెను. సామాన్యంగా అవి ఉత్తరాభిముఖములు. ఎండ సూటిగా పడక, నీడలు లేని సమమైన వెలుతురు వచ్చి, తెగిన పోగు కంటికి ఆనేందుకు చేసిన ఏర్పాటది. ఇక ‘భోంగా’ - ఇంటింటా గడియారము లేని రోజులలో పాళీ వేళను తెలిపిన కూత. ఊరి పొయ్యిలు ఆ కూతతోనే వెలిగేవి.

జునీ గిరణీ పేరు ఈనాటికీ దేశమందలి న్యాయశాస్త్ర విద్యార్థులందరి నోట వినిపిస్తూనే ఉన్నది. 1949 ఆగస్టులో యాజమాన్యము మిల్లును మూసివేయగా వేలాది కార్మికులు వీధిన పడినారు. 1950 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రత్యేక ఆర్డినెన్సు ద్వారా మిల్లు నిర్వహణను తన చేతిలోకి తీసుకొన్నది. తరువాత దాని స్థానంలో చట్టము వచ్చినది. ఒకే ఒక కంపెనీ కొరకు చట్టము చేయవచ్చునా, అది సమానత్వమునకు భంగము కాదా అని చిరంజిత్‌లాల్ చౌధురీ అనే వాటాదారు సుప్రీం కోర్టుకెక్కినాడు. 1950 డిసెంబరులో అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు చట్టమును సమర్థించగా, పతంజలి శాస్త్రి, సుధీరంజన్ దాస్‌లు విభేదించినారు. మూడేళ్ళకు ద్వారకాదాస్ శ్రీనివాస్ వేసిన దావాలో అదే న్యాయస్థానము అదే చట్టమును, పరిహారము లేకుండ ఆస్తిని లాగుకొన్నదను కారణముతో, చెల్లదన్నది. ఇటువంటి తీర్పుల ఫలితమే 1955 నాటి నాలుగవ రాజ్యాంగ సవరణ. ఆకలిగొన్న నేతగాని కూడు ముఖ్యమా, వాటాదారుని హక్కు ముఖ్యమా అన్న ప్రశ్న గణతంత్రపు తొలి ఏటనే ఈ పట్టణపు గోడల మధ్య నుండి బయలుదేరినది. ఆ దారిన నిత్యము బడికి పోయే బాలబాలికలలో ఎందరికి ఈ సంగతి తెలుసును?

అంతకు ఇరువది యేళ్ళు ముందే ఈ ఊరు మరొక పాఠము నేర్పినది. 1930 మేలో గాంధీజీ అరెస్టు వార్త విని ఇక్కడి జనము, అందులో మిల్లు కార్మికులు, తిరుగబడినారు. కొన్ని దినములు పట్టణంలో ఆంగ్ల ప్రభుత్వపు మాట చెల్లలేదు. పిమ్మట సైనిక శాసనము విధించబడినది. మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ శిందే, కుర్బాన్ హుస్సేన్ అను నలుగురు 1931 జనవరి 12న యెరవాడ చెరసాలలో ఉరికంబమెక్కినారు. వారి పేర హుతాత్మ చౌకు నిలిచియున్నది. చౌకులోని విగ్రహములకు మాలలు పడును. ఆ జనమును కన్న గిరణీ గోడలకు మాత్రము మొక్కలు మొలచును.

జునీ గిరణీ 1963లో శాశ్వతంగా మూతబడినది. లక్ష్మీ-విష్ణు మిల్లు 1990ల దశకంలో ఆగిపోయినది. నరసింగ్ గిర్జీ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ చేతికి వెళ్ళి కొన్నాళ్ళు నడచి, అదియు నిలిచిపోయినది. ఈ పతనమునకు ఒక్కటే కారణము చెప్పుట సులభమే కాని సత్యము కాదు. యాజమాన్యపు వైఫల్యము ఒకటి, పాతబడిన యంత్రాలు ఒకటి. విద్యుత్తు మరొకటి. ఆవిరియంత్రము కావలెనంటే మహాభవనము, పొగగొట్టము తప్పవు. విద్యుత్తు వచ్చిన పిదప ఒక్కొక్క మగ్గానికి ఒక్కొక్క చిన్న మోటారు చాలును. అప్పుడు మగ్గము గిరణీని వీడి రేకుల కొట్టములోనికి, ఇంటి ముందరి గదిలోనికి తిరిగి వచ్చినది. గిరణీలో కూలి అయినవాడు కార్ఖానాకు యజమాని కాగలిగినాడు. కాని పింఛను, సెలవు, పనిగంటల హద్దు గిరణీలోనే ఉండిపోయినవి.

భౌగోళిక గుర్తింపు పొందిన షోలాపురి దుప్పటి ఈ చిన్న కార్ఖానాల బిడ్డయే. దాని పువ్వుల వెనుక జకార్డు యంత్రమున్నది. 1804లో ఫ్రాన్సు దేశస్థుడు జోసెఫ్ మరీ జకార్డు రూపొందించిన ఆ యంత్రములో అట్టముక్కలకు రంధ్రములు చేసి దండవలె కుట్టుతారు. ఒక అట్ట ఒక పేకకు గుర్తు. రంధ్రమున్న చోట పడుగు పోగు లేచును, లేని చోట లేవదు. ఉన్నది, లేదు - ఈ రెండు మాటలతోనే నెమలి పుట్టును, గులాబి పుట్టును. ఈ అట్టల నుండియే ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజీ తన గణనయంత్రపు ఊహకు ఆధారము తీసికొన్నాడు. నేడు కంప్యూటరు నేర్చుకొనే మనుమడు, తాత అటక మీది అట్టల కట్టను తూకానికి అమ్మివేయడము ఎంతటి విచిత్రము!

గిరణీలు మూతబడిన కాలములో ఇండ్లను నిలబెట్టినవి స్త్రీల చేతులు. వేయి బీడీలకింత అని కూలి లెక్క. ఆ తునికాకు ధూళిలో పిల్లల చదువులు సాగినవి. బీడీ కార్మిక మహిళలు సంఘటితులై పోరాడగా కుంభారి వద్ద గోదూతాయి పరుళేకర్ పేర పదివేల ఇండ్ల కాలనీ 2006లో వారికి దక్కినది. 2024 జనవరిలో రేనగర్ వద్ద మరి పదునైదు వేల ఇండ్లు అసంఘటిత కార్మికులకు అందినవి. పాత తలుపులు మూసికొన్న ఊరిలోనే ఇన్ని కొత్త తలుపులు తెరచుకొన్నవి. అదియు చరిత్రలో వ్రాయవలసినదే.

పాతది నిలుపుట అసాధ్యమేమీ కాదు. చైనా యుద్ధభూమిలో రోగుల సేవ చేసి 1942లో ప్రాణము విడిచిన డాక్టరు ద్వారకానాథ్ కోట్నిస్ 1910లో జన్మించినది ఈ పట్టణముననే. భయ్యా చౌకులోని ఆయన ఇల్లు నేడు స్మారకమైనది. వరద వంశీయుల ఇంద్రభువనములో నగరపాలిక కార్యాలయము నడచినది. వైద్యుని ఇల్లు, శ్రీమంతుని మేడ నిలువగలిగినప్పుడు, నేతగాని గుంటమగ్గము ఒక్కటి నిలువలేదా?

విద్యార్థులు సెలవు దినములలో ఈ పని చేయవచ్చును. శిథిల భవనముల లోనికి చొరరాదు. కప్పులు కూలును, విషపురుగులుండును, యజమాని అనుమతియు కావలెను. బయట నిలిచియే చూడవలసినది చాలా ఉన్నది. పాత ఇండ్లలో నేలమీద చదరముగా వేరు రంగు బండలు కనిపించితే, అది పూడ్చిన మగ్గపు గుంట కావచ్చునేమోనని అవ్వను అడుగవలెను. మరాఠీ, తెలుగు, కన్నడ లిపులలోని పాత ఫలకాలను ఎత్తి వ్రాసికొనవలెను. పడుగు, పేక, నాడె, కండె, అచ్చు, ఆసు - ఈ పనిముట్ల పేర్లను, వాటిని వాడిన తీరును తాతల నోట విని నోటు పుస్తకంలో ఎక్కించవలెను. వస్తువు పోయిన తరువాత మాట కొన్నాళ్ళే బ్రతుకును. ఆ మాట కూడా పోయిన పిదప ఇక వెదకుటకు చోటుండదు.

తెలుగు మాధ్యమ పాఠశాల విషయమూ ఇంతకంటె వేరు కాదు. కట్టడము కప్పు కూలిన నాడు పాడుబడదు. అందులో పలుకు ఆగిన నాడు పాడుబడును. జునీ గిరణీ గోడలు బలహీనములై అది మూతబడలేదు. గోడలు గట్టిగా ఉండగనే లోపలి చప్పుడు ఆగినది. డెబ్బదియైదు సంవత్సరముల విద్యాలయమునకు రంగులు వేయించుట మంచిదే. అంతకంటె ముఖ్యము, రాబోవు జూన్ నెలలో ఒకటవ తరగతి బల్లలు నిండుట. ఆ భారము ప్రధానోపాధ్యాయుని ఒక్కనిది కాదు. ఈ బడిలో చదివి, తమ పిల్లలను ఏ బడికి పంపవలెనని ఆలోచించు ప్రతి పూర్వ విద్యార్థిది.

ఈ అమృతోత్సవ వత్సరమున పాఠశాల గ్రంథాలయంలో ఒక అలమార కేటాయించవలెనని సూచన. అందులో ఒక నాడె, ఒక జకార్డు అట్టల దండ, ఒక గిరణీ హాజరు చీటీ, ఒక బీడీ చాట, పాత ఛాయాచిత్రములు, విద్యార్థులు సేకరించిన మాటల పుస్తకము ఉండవలెను. ఖర్చు స్వల్పము. ప్రతి ఇంటి అటక మీద ఇందులో ఏదో ఒకటి ఉండియే ఉండును. తూకానికి పోకముందే అది బడికి చేరవలెను.