దిగాడా, దిగలేదా

 

కమిటీ వాళ్ళు నాకు పదిహేను నిమిషాలిచ్చారు. "బయట దేశాల్లో పనిచేసొచ్చావు గదా, కెరీర్ గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ముప్పై ఏళ్ళు పంపులూ టర్బైన్లూ చూశాను. కొన్ని తిరిగాయి, కొన్ని తిరగలేదు. అందుకని ఓ సైకిలు రేసు గురించి, దాని మీద మేమిద్దరం ముప్పై అయిదేళ్ళ పైచిలుకు వాదించుకోవడం గురించి చెబుతాను. ఆ రెండోవాడు ఈ హాల్లోనే ఉన్నాడు. పేరు చెబితే లేచి వెళ్ళిపోతానన్నాడు కాబట్టి చెప్పను. ఆటోనగర్లో లేత్ షాపు అంటే మీలో సగం మందికి ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది.

మొదట 1981కి వెళ్దాం. దసరా సెలవులు. లంక వైపు ఖాళీ స్థలంలో ఒకాయన ఏడు రోజులు కిందికి దిగకుండా సైకిలు తొక్కుతానని మైకు కట్టించాడు. మీకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ప్రతి ఊరికీ ఇలాంటివాళ్ళు వచ్చేవాళ్ళు. సైకిలు మీదే అన్నం, సైకిలు మీదే స్నానం, సైకిలు మీదే గడ్డం గీసుకోవడం. సాయంత్రం జనం చేరాక కింద పడేసిన రూపాయి నోటు వంగి తీసేవాడు. ఆడవాళ్ళు బియ్యం తెచ్చిపోసేవాళ్ళు, మగవాళ్ళు చొక్కాకి పిన్నీసుతో నోట్లు గుచ్చేవాళ్ళు. పేట పేటంతా రెండుగా చీలిపోయింది. పగలు సరే, రాత్రి దిగుతాడా, దిగడా?

నాలుగో రాత్రి మేమిద్దరం ఇళ్ళల్లోంచి జారుకుని చూడ్డానికి వెళ్ళాం. మూడింటి వేళ ట్యూబులైట్లు ఆర్పేశారు. సైకిలు స్తంభానికి ఆనించి ఉంది. ఆయన కాలు నేల మీద ఉండటం నేను చూశాను. వాడేమో "పెడలు మీదే ఉంది, స్తంభాన్ని పట్టుకుని కునుకు తీస్తున్నాడు, అంతే" అన్నాడు. ఇంటికొచ్చాక ఇద్దరికీ తన్నులు సమానంగానే పడ్డాయి. ఆ సంగతి మాత్రం తేలలేదు.

ఇక అసలు రేసు. టూర్ డి ఫ్రాన్స్ పేరు చాలామంది వినే ఉంటారు. ప్రతి జూలైలో మూడు వారాలు, 21 అంచెలు, మూడువేల కిలోమీటర్ల పైన. రోజూ పట్టిన సమయాన్ని కూడుతూ పోతారు, చివరికి మొత్తం ఎవరిది తక్కువైతే వాడు గెలిచినట్టు. రోజూ మొదట రానక్కర్లేదు. ముందు పోయేవాడు గాలిని చీలుస్తాడు, వెనకవాడికి శ్రమ తగ్గుతుంది. బందరు రోడ్డు మీద లారీ వెనకాల తొక్కిన మనకి ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. అందుకే జట్టంతా ఒక్కడి కోసం గాలికి ఎదురు తొక్కుతుంది.

దీన్ని 1903లో ఒక పేపరువాళ్ళు పేపరు అమ్ముడుపోవడం కోసం మొదలుపెట్టారు. రెండో ఏడే, అంటే 1904లో, మొదటి నాలుగు స్థానాల్లో వచ్చినవాళ్ళని తీసేశారు. రాత్రిపూట తొక్కాల్సిన అంచెలుండేవి అప్పుడు. చీకట్లో రైలెక్కారని, కార్లు పట్టుకుని పోయారని ఆరోపణలు. ముందటేడు గెలిచిన మారిస్ గారిన్ కూడా అందులో ఉన్నాడు. చివరికి అయిదోవాడు, పందొమ్మిదేళ్ళ కుర్రాడు హెన్రీ కార్నె విజేత అయ్యాడు. ఇది చదివినప్పుడు నాకు లంకలో ఆర్పేసిన ట్యూబులైట్లు గుర్తొచ్చాయి.

మాకు ఈ పిచ్చి పట్టింది 1989లో. నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను. వాడికి నాకంటే లెక్కలు బాగా వచ్చు, ఈ సంగతి మన లెక్కల మాస్టారు ఇక్కడే చెబుతారు. కానీ ఇంటర్లో ఉండగా వాళ్ళ నాన్నగారు పోయారు, వాడు ఆటోనగర్లో పనికి చేరాడు. ఆ ఏడు చివరి రోజు లారెంట్ ఫిన్యాన్ 50 సెకన్ల ముందున్నాడు. మిగిలింది పారిస్ దాకా 24.5 కిలోమీటర్లు, ఒక్కొక్కరూ విడివిడిగా తొక్కాలి. గ్రెగ్ లెమాండ్ హ్యాండిల్ ముందుకి రెండు గొట్టాలు బిగించుకుని, వాటి మీద మోచేతులు ఆనించి, బాణంలా వంగి తొక్కాడు. 3,285 కిలోమీటర్ల రేసులో 8 సెకన్లతో గెలిచాడు. అంతకు రెండేళ్ళ ముందు వేటలో తుపాకీ గుళ్ళు తగిలి చావు తప్పించుకున్న మనిషి.

పేపర్లో ఫొటో అరచేయంత ఉంది. అది చూసి మావాడు పైపులు వంచి తన అట్లాస్ సైకిలుకి అలాంటివే బిగించాడు. బెంజి సర్కిల్ నుంచి కంకిపాడు దాకా నేను మామూలు హ్యాండిల్‌తో, వాడు గొట్టాలతో. వాడు రెండు నిమిషాలు ముందొచ్చాడు. గొట్టాల వల్లని వాడు, వెనకగాలి వల్లని నేను. "నీకూ అదే గాలి గదరా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తిరుగు ప్రయాణంలో బ్రేకు అందక పోరంకి దగ్గర గేదెల మందలోకి దూరిపోయాడు, దాంతో ఆ ప్రయోగం ఆగింది.

ఆ తర్వాత లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్. క్యాన్సర్ వచ్చి, మెదడు దాకా పాకి, బతికి, 1999లో టూర్ గెలిచాడు. ఆ తర్వాత ఏటేటా గెలుస్తూనే పోయాడు. 2003లో మా నాన్నకి గొంతు క్యాన్సరని తేలింది. సెలవుకి వచ్చినప్పుడల్లా ఆర్మ్‌స్ట్రాంగ్ ఆత్మకథ మంచం పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ వినిపించేవాణ్ణి. ఆయన "ఆ సైకిలబ్బాయి" అనేవారు. మందు పడ్డ రోజుల్లో వాంతులు తగ్గాక "ఆ సైకిలబ్బాయికీ ఇలాగే అయిందన్నావా?" అని అడిగేవారు. మరి నేను ఆర్మ్‌స్ట్రాంగ్‌ని అనుమానించగలనా?

2004లో కంపెనీ నన్ను ఆరు నెలలు ఫ్రాన్సుకి పంపింది, గ్రెనోబుల్ దగ్గర. వెళ్ళనన్నాను. నాన్నే వెళ్ళమన్నారు. ఆ ఆరు నెలలూ నాన్నని స్కూటరు మీద ఆస్పత్రికి తీసుకెళ్ళింది, తీసుకొచ్చింది మావాడే. షాపు కట్టేసుకుని.

ఆ జూలై 21న ఆల్ప్ డ్యుయెజ్ కొండ మీద విడివిడిగా తొక్కే పందెం. గ్రెనోబుల్ నుంచి వెళ్ళాను. డెల్టాలో పుట్టినవాడికి ఎత్తంటే కాలువ వంతెన, మహా అయితే దుర్గగుడి ఘాట్ రోడ్డు. అక్కడ 13.8 కిలోమీటర్లు ఎక్కుడే, 21 మలుపులు, ప్రతి మలుపులోనూ గతంలో గెలిచినవాళ్ళ పేర్లతో బోర్డు. జనం రాత్రి నుంచే గుడారాలు వేసుకుని ఉన్నారు. చాలాచోట్ల కంచె కూడా లేదు. వెనకబడ్డవాళ్ళని ముందు వదులుతారు, మొదటివాణ్ణి చివర. పొద్దున్నించి ఎండలో నిలబడితే సాయంత్రానికి ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చాడు, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో. తనకంటే రెండు నిమిషాల ముందు బయల్దేరిన ఇవాన్ బాసోని కొండ మీదే దాటేశాడు. కింద చదును రోడ్డు కలిపి 15.5 కిలోమీటర్లకి 39 నిమిషాల 41 సెకన్లు. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. ఎందుకొచ్చాయో ఇక్కడ మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి షాపుకి ఫోన్ చేశాను. వాడు ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఎప్పటికప్పుడు చూస్తున్నాడట. "కళ్ళతో చూశానురా" అన్నాను. "కళ్ళతో చూసింది సరే, గుణకారం చెయ్" అన్నాడు.

వాడు చేసిన గుణకారం ఇది. మన మాస్టారు నేర్పిందే, బరువు, ఎత్తు, కాలం. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకుందాం. కొండ ఎత్తు 1,100 మీటర్లు. ఎక్కుడుకి పట్టింది 38 నిమిషాలు. 80ని 9.81తో, దాన్ని 1,100తో గుణించి సెకన్లతో భాగిస్తే దాదాపు 380 వాట్లు. ఇది బరువు పైకి మోయడానికే, గాలికీ టైర్లకీ వేరే. మన క్లాసులో తిరిగే సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. అంటే అయిదు ఫ్యాన్లని ముప్పై ఎనిమిది నిమిషాలు కాళ్ళతో తిప్పాలి, అదీ అప్పటికి రెండు వారాలు రేసు తొక్కిన కాళ్ళతో.

"తిప్పాడు గదా, చూశాను" అన్నాను.

"1997లో పాంటానికి కూడా ఇదే కొండకి దాదాపు ఇంతే పట్టింది. ఆ పాంటానినే 1999లో రక్తంలో ఎర్రకణాల శాతం హద్దు దాటిందని ఇటలీ రేసులోంచి పంపేశారు. మందు కొట్టినవాళ్ళ కాలంలో వచ్చిన టైము, మందు కొట్టనివాడికి ఎలా వచ్చింది?" అన్నాడు. వాడు చెప్పే మందు ఈపీవో. కిడ్నీ రోగులకి రక్తం పెరగడానికి ఇస్తారు. ఎర్రకణాలు పెరిగితే కండరానికి ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది.

అప్పుడు నేనొక మాటన్నాను. "ఇంజినీరువి నువ్వా, నేనా?" అన్నాను.

అవతల లేత్ తిరుగుతున్న చప్పుడు వినబడింది కాసేపు. "సరే, ఉంటాను. బాబాయికి పొద్దున స్కానింగుంది" అని పెట్టేశాడు.

నాన్న మరుసటేడు ఆగస్టులో పోయారు. వాడు పాడె మోశాడు. మాట్లాడుకున్నాం, అవసరమైనంత వరకు. ఆ నెలలోనే ఫ్రాన్సు పేపరొకటి ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నాటి శాంపిళ్ళలో ఈపీవో ఉందని రాసింది. పాత శాంపిళ్ళు, సరిగ్గా దాచారో లేదో అని నాకు నేనే చెప్పుకున్నాను. 2012 అక్టోబరులో ఏడు టైటిళ్ళూ తీసేశారు. 1999 నుంచి 2005 దాకా విజేత గడి ఖాళీగానే ఉంచారు, ఇంకెవరికీ ఇవ్వలేదు. ఎవరికిస్తారు, ఆయన వెనకాల వచ్చిన ఉల్రిక్, బాసో కూడా డోపింగ్ కేసుల్లో శిక్ష పడినవాళ్ళే. అప్పుడు కూడా నేను ఫోన్ చెయ్యలేదు.

2013 జనవరిలో సంక్రాంతికి వచ్చి ఉన్నాను. ఆర్మ్‌స్ట్రాంగ్ టీవీ ముందు కూర్చుని, వాడాను, ఏడుసార్లూ వాడాను అని ఒప్పుకున్నాడు. మన దేశంలో అప్పుడు పొద్దున. మధ్యాహ్నం ఆటోనగర్ వెళ్ళాను. వాడు షాఫ్టు తిప్పుతున్నాడు. కాలితో స్టూలు ఇటు జరిపాడు.

"చూశావా?" అన్నాను.

"చూశాను."

అంతే. నేను తెచ్చుకున్న మాటలు నోట్లోంచి రాలేదు. "నాన్నకి చెప్పావా, నీ లెక్క?" అని అడిగాను.

"చెప్పడానికి ఆయనేమన్నా ఇంజినీరా?" అన్నాడు. ఎనిమిదిన్నరేళ్ళు దాచుకున్న మాట, ఒక్కసారి వాడుకున్నాడు. తర్వాత మెషీన్ ఆపి చెప్పాడు. 2005 జూలైలో, అంటే ఇంకో నెల బతికారు నాన్న, "ఆ సైకిలబ్బాయి గెలిచాడా?" అని అడిగారట. గొంతు అప్పటికి సరిగ్గా రావడంలేదు. "గెలిచాడు బాబాయ్, ఏడోసారి" అని చెప్పాడట. నాన్న ఏడు వేళ్ళు చూపించి నవ్వారట.

నేను కట్టిన వంతెనల్లాంటివేమీ లేవుగానీ, ఇన్నేళ్ళలో నేను తప్పు చేసిన లెక్కలు కొన్నున్నాయి. వాటిల్లో ఇదొకటి. ఒరేయ్, ఆ రోజు ఫోన్లో అన్న మాట అనకుండా ఉండాల్సింది. టీ తాగేసి వచ్చేశాను గానీ అప్పుడు కూడా ఈ మాట చెప్పలేదు. ఇవాళ మాస్టార్ల ముందు చెబుతున్నాను.

మళ్ళీ మొదలుపెట్టాం. ఇప్పుడు టూర్ ఫోన్లో చూడొచ్చు, అంచె అయ్యేసరికి మనకి రాత్రి తొమ్మిదవుతుంది, ఇద్దరికీ వీలే. 2024 జూలై 14న పొగాచర్ ప్లాటో ద బేయ్ అనే కొండని 1998లో పాంటాని ఎక్కిన దానికన్నా మూడు నిమిషాలకు పైగా తక్కువలో ఎక్కాడు. ఈసారి గుణకారం చేసింది నేను. "ఇదెలా సాధ్యంరా?" అన్నాను. వాడు తొందరపడలేదు. టైర్లు మారాయన్నాడు, తొక్కుతూ గంటకి వాళ్ళు తినే పిండిపదార్థం బాగా పెరిగిందన్నాడు, వింగెగార్డ్ ముందుండి అంత వేగంగా లాగకపోతే ఆ టైము వచ్చేదికాదన్నాడు. "లెక్క ఎంత శక్తి కావాలో చెబుతుంది. అదెక్కణ్ణించి వచ్చిందో చెప్పదు. ఆయన మీద రుజువేమన్నా ఉందా? లేదు. ఉన్నప్పుడు మాట్లాడదాం" అన్నాడు. అది నాకు నచ్చలేదు. ఆ వాదన ఇంకా నడుస్తోంది. వాళ్ళావిడ, మా చెల్లెమ్మ, జూలై వస్తే ఫోన్ దాచేస్తానంటోంది.

ఒక్క విషయంలో మాత్రం వాడు ఏ లెక్కకీ లొంగడు. ఏడు రోజులు, రోజుకి ఇరవై నాలుగు గంటలు, నిద్ర లేకుండా మనిషి నిలబడలేడురా, గుణకారం చెయ్ అంటాను. చెయ్యడు. మూడో వరసలో చివర కూర్చున్నాడు, నీలం చొక్కా. భోజనాల దగ్గర మీరే అడగండి, లంకలో ఆ రాత్రి ఆయన దిగాడా అని. దిగలేదంటాడు.