జోస్యమునకు జమాఖర్చు



ఎన్నికలు సమీపించినంతనే రాజకీయ పండితులు కొన్ని నానుడులను సిద్ధాంతములుగా వల్లింతురు. అట్టిదానినొకదానిని పరిశీలింతము. అమెరికాలో “మెయిన్ రాష్ట్రమెటో, దేశమటే” యను మాట చిరకాలము చెల్లుబడియయ్యెను. అచ్చట గవర్నరు ఎన్నిక సెప్టెంబరులోనే జరుగుచుండెను. అధ్యక్షుని ఎన్నిక నవంబరులో. కావున ముందు వచ్చిన ఫలితమును శకునముగా నెంచిరి.

ఇక లెక్క చూతము. 1860 మొదలు 1908 వరకు 13 అధ్యక్ష ఎన్నికలు జరిగినవి. పదమూడింటను మెయిన్ రిపబ్లికన్ పక్షమునే వరించెను. దేశమున ఆ పక్షము 11 పర్యాయములు గెలిచెను. నానుడి నిజమువలె తోచుటకు కారణమిదియే. సరకు నుంచకమున్నే ఒకవైపునకు వ్రాలు త్రాసు దేనిని తూచగలదు?

1884, 1892, 1916 సంవత్సరములలో ఆ మాట తప్పెను. అయినను పండితులు దానిని విడువలేదు. 1936 సెప్టెంబరున మెయిన్‌లో రిపబ్లికనులు గెలిచిరి. నవంబరున 48 రాష్ట్రములలో 46 రూజ్‌వెల్టునకు దక్కెను. ప్రత్యర్థికి మిగిలినవి మెయిన్, వెర్మాంటు మాత్రమే.

ఒప్పినది జమకట్టి, తప్పినది వ్రాయకుండుటయే ఇందలి దోషము. మన యూళ్లలోను “గాలి అటు వీచుచున్నది” అను మాట విని, గెలుచువానికే వోటు వేయువారు కలరు. తమ వివేచనను పరులకు ధారపోయుట కాదా యిది?

ఈ రజతోత్సవ వేళ నా విన్నపమొక్కటే. మన గ్రంథాలయమున పాత పత్రికలను భద్రపరచుడు. ఫలితములు వెలువడిన పిదప జోస్యములను వానితో సరిచూడుడు. ఆ పని చేసిన పాఠకుడు మరుసటి ఎన్నికలో తన బుద్ధితోనే వోటు వేయును.