భూగర్భ సంపద – దానిని వెలికిదీయు విద్య

(పాఠశాల వార్షికోత్సవ సభయందు తలిదండ్రుల నుద్దేశించి చేసిన ఉపన్యాస పాఠము)



వార్షికోత్సవమునాడు సాహిత్యమును గూర్చియో, సత్ప్రవర్తనమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నేడు మేము గనులను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. సిరోంచ ప్రాంతపు యువకులు పని వెదకుకొనుచు ఏటపల్లి ఇనుపగనుల వైపో, ప్రాణహిత దాటి మంచిర్యాల, గోదావరిఖని, భూపాలపల్లి బొగ్గుబావుల వైపో, చంద్రపూరు, బల్లార్షాల వైపో చూచుట సహజము. బిడ్డలు ఏ పనికి పోదురో ఆ పని స్వభావమును పెద్దలు ఎరిగియుండుట మంచిది గదా!

మొదట మన నేలను గూర్చి విచారింతము. వార్ధా లోయ మొదలు ప్రాణహిత, గోదావరుల వెంట ఆగ్నేయముగా సాగిన ఈ పల్లపు భూమి అతి ప్రాచీనమైనది. ఇరువదియైదు కోట్ల సంవత్సరములకు పూర్వము ఇచ్చట పెరిగిన అడవులు బురదలో కూరుకొని, మీద పేరుకొనిన ఇసుక బరువునకు నలిగి బొగ్గుగా మారినవి. దానిపై ఏర్పడిన పొరలలో ఒకదానికి మన తాలూకాలోని కోట గ్రామము పేరనే భూగర్భ శాస్త్రజ్ఞులు నామకరణము చేసిరి. అందలి సున్నపురాతిలో దొరకిన మత్స్యశిలాజములను పందొమ్మిదవ శతాబ్దమునందే పండితులు పరిశీలించిరి. ఆ శతాబ్దమునందే డాక్టర్ కింగ్ అను భూగర్భ సర్వే ఉద్యోగి ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము ఆరంభమయ్యెను. 1920లో ఆ సంస్థకు సింగరేణి కాలరీస్ అను పేరు వచ్చినది.

బొగ్గు ఉన్నదని తెలియుట వేరు, దానిని క్షేమముగా పైకి తెచ్చుట వేరు. గనిలో దిగినవానికి శత్రువులు నలుగురు: పైకప్పు, గ్యాసు, నిప్పు, నీరు.

పైకప్పు సంగతి చూతము. బొగ్గును తీసినకొలది మీది రాతికి ఆధారము తొలగిపోవును. అందుచేత పూర్వమునుండి బొగ్గునంతటిని తీయక, నడుమ నడుమ స్తంభములను విడిచి, వాటి మధ్య బాటలు త్రవ్వుచు వచ్చిరి. స్తంభము సన్నమైనచో నలిగిపోవును. లావైనచో బొగ్గు లోపలనే మిగిలిపోవును. ఎంత లోతున ఎంత లావు స్తంభము విడువవలెనో నిర్ణయించుట గణితశాస్త్రము పని. పూర్వము కప్పునకు కొయ్య దిమ్మెలు పోటుపెట్టెడివారు. పిమ్మట కప్పులోనికి రంధ్రములు తొలిచి ఉక్కు బోల్టులు బిగించి, పలుచని రాతిపొరలను ఒక దూలమువలె కలిపి నిలుపు పద్ధతి వచ్చెను. తట్టలతో బొగ్గునెత్తిన తట్టాచెమ్మాసు కార్మికుల కాలమునుండి, కప్పును తామే మోయుచు ముందునకు జరుగు ఉక్కు ఆధారములుగల లాంగ్‌వాల్ యంత్రముల వరకు సింగరేణి ప్రయాణము చేసినది.

ఇక గ్యాసు. బొగ్గుపొరలలో దాగిన మీథేను వాయువు గాలిలో నూటికి అయిదు మొదలు పదునైదు పాళ్ళవరకు కలసియున్నప్పుడు నిప్పురవ్వ సోకిన ప్రేలును. అది కంటికి కనబడదు, వాసన యుండదు. 1815లో హంఫ్రీ డేవీ కల్పించిన రక్షణదీపము ఈ కీడును బయటపెట్టెను. జ్వాలపై నీలిరంగు టోపీ ఏర్పడినచో గ్యాసు ఉన్నదని గుర్తు. ఆ టోపీ ఎత్తును కొలిచి ఎంత పాళ్ళున్నదో చెప్పుదురు. గని కెల్ల ప్రాణము గాలిపంకా. అది ఆగినచో పని ఆపి మనుష్యులు బయటకు రావలసినదే.

నిప్పు మరియొక విచిత్రము. విడిచిన బొగ్గు గాలి సోకి, ఎవ్వరును అంటింపకయే లోలోపల వేడెక్కి రాజుకొనును. బొగ్గు తీసిన ఖాళీని ఇసుకతో నింపినచో నిప్పునకు గాలి అందదు, కప్పునకు ఆధారమును లభించును. రామగుండము ప్రాంతపు గనులకు ఈ ఇసుకను గోదావరియే ఇచ్చినది. ఆ నీటితోడనే మన పొలములు పండుచుండగా, ఆ నది ఇసుకయే భూమి కడుపులోని శూన్యమును పూడ్చినది.

నాలుగవ శత్రువు నీరు. ఇదియే మిక్కిలి నిర్దయమైనది. మన లోయలోని ఇసుకరాయి నీటిని పీల్చి నిలుపుకొనును. కావున గనులలో పంపులు రాత్రింబవళ్ళు నడచుచుండవలెను. పూర్వము త్రవ్వి విడిచిన చోట్ల చేరిన నీరు మరింత అపాయకరము. పాతపనుల పటము సరిగా లేనిచో, నేటి పనివాడు నిన్నటి చెరువు గోడను తెలియకయే తొలుచును. ధన్‌బాదు సమీపమున చస్నాలా గనిలో 1975 డిసెంబరు 27న నీరు విరుచుకొనిపడి మూడువందల డెబ్బదిమందికి పైగా మరణించిరి. గోదావరిఖనిలో 2003 జూన్ 16న 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు చొరబడి పదునేడుగురు అసువులు బాసిరి.

నీటి కథలో వెలుగు చూపిన ఉదాహరణము నొకదానిని చెప్పవలెను. 1989 నవంబరులో రాణిగంజు ప్రాంతమున మహావీరు గనిని నీరు ముంచెత్తగా అరువదియైదుగురు లోపల చిక్కుకొనిరి. ఇంజనీరు జస్వంత్ సింగ్ గిల్ ఉక్కు గొట్టమువంటి పంజరము నొకదానిని చేయించి, రంధ్రము వెడల్పు చేయించి, తానే అందు లోనికి దిగెను. ఒక్కొక్కరిని పైకి పంపి అరువదియైదుగురిని బ్రదికించెను. ధైర్యము ఎంతయున్నను, రంధ్రము సరియైన చోట దిగకున్నచో ఫలితము లేకపోయెడిది. కొలతయు ధైర్యమును కలసి ప్రాణములను నిలిపినవి.

సొరంగములలోను ఇవే కష్టములు. శ్రీశైలము ఎడమగట్టు కాలువకై నల్లమలలో త్రవ్వుచున్న సొరంగము సుమారు 44 కిలోమీటర్లు. పైన పులుల అభయారణ్యము ఉండుటచే నడుమ గవాక్షములు పెట్టు వీలు లేదు. 2025 ఫిబ్రవరి 22న సుమారు 14వ కిలోమీటరు వద్ద కప్పు కూలి, నీరును బురదయు విరుచుకుపడి ఎనమండుగురు చిక్కుకొనిరి. రక్షణకు వెళ్ళినవారిలో సింగరేణి దళమును ఉండెను. ఆ ఎనమండుగురిలో ఒక్కరును ప్రాణములతో తిరిగి రాలేదు.

మన కన్నులయెదుట గోదావరిపై మేడిగడ్డ ఆనకట్ట కలదు. 2019లో ప్రారంభింపబడిన ఆ కట్టడపు ఏడవ బ్లాకు స్తంభములు 2023 అక్టోబరు 21న క్రుంగినవి. పునాది క్రింద ఇసుక నీటితో కొట్టుకొనిపోవుట అందుకు కారణముగా నిపుణులు పేర్కొనిరి. కట్టడము ఎంత బలిష్ఠమైనను, క్రింది నేల గుణము నెరుగక నిలువజాలదు.

ఇక ఇనుమును గూర్చి. ఏటపల్లి తాలూకాలోని సూర్జాగఢ్ కొండలలో మేలిరకపు ఇనుపరాయి యున్నది. దానితోబాటు పలుకురాయి చారలు కలసిన తక్కువ రకమును విస్తారముగా ఉన్నది. అట్టి రాతిని ఇసుకకన్న మెత్తగా నూరి, ఇనుపరేణువులను రాతిరేణువులనుండి వేరుచేసిననే కొలిమికి పనికివచ్చును. నూరినకొలది విద్యుత్తు ఖర్చగును. మిగిలిన బురదను భద్రముగా నిలువచేయవలెను. అది వాగులలో కలసిన పొలము పాడగును. హెడ్రి నుండి కోన్సరి వరకు సుమారు 85 కిలోమీటర్ల గొట్టపుమార్గమున నూరిన ఖనిజమును నీటితో కలిపి పంపు ఏర్పాటు 2025లో ఆరంభమైనది. గొట్టములో ప్రవాహము మందగించినచో రేణువులు అడుగున పేరుకొనును. మితిమీరి వేగమైనచో గొట్టము అరిగిపోవును. మధ్యస్థ వేగమును కనుగొనుటయే ఇంజనీరు నేర్పు. రోడ్లపై లారీల తాకిడి తగ్గించుటకు ఇది తోడ్పడవచ్చును. అయినను ఆ కొండ మాడియా గోండుల దైవస్థలము కూడ. వారి మనస్సును, అడవిని, వాగును లెక్కలోనికి తీసికొనని విద్య సంపూర్ణ విద్య కాజాలదు.

మహాశయులారా! ఈ విషయములన్నియు మన పాఠశాలకేల యందురేమో. కోలారు బంగారు గనులలో తెలుగువారును తమిళులును ఇతరులును ప్రక్క ప్రక్కన, మూడు కిలోమీటర్లకు మించిన లోతున పనిచేసిరి. అచ్చట రాయి పగిలి ఎగిరిపడునప్పుడు హెచ్చరిక వాక్యము అర్థము కానివాడు ముందుగా బలియగును. గని నియమముల సారాంశమును గనివద్ద ఇంగ్లీషుతోబాటు నిర్ణీతమైన ఇతర భాషలలోను ప్రదర్శింపవలెనని 1952 నాటి గనుల చట్టము ఆదేశించెను. భాష ప్రాణరక్షణ సాధనమని శాసనకర్తలు కూడ గుర్తించిరన్నమాట.

భారము, పీడనము, ఘనపరిమాణము అను భావములు బాలునికి తల్లిభాషలో మొదట నాటుకొనవలెను. పిమ్మట కచేరీ వ్యవహారమునకు మరాఠీ, ఉన్నత గ్రంథములకు ఇంగ్లీషు సులభముగా అబ్బును. తెలుగు చదువు పనికిరాదని పిల్లలను మధ్యలో మాన్పించిన తలిదండ్రులు, కుండకు అడుగు తీసివేసి నీరు పోయగోరినవారితో సమానులు. గణితమునకు భయపడిన బాలుని మందలింపక, ఇంటియందు ధాన్యపు కొలతలతో, ఇంటిగోడ కొలతలతో అలవాటు చేయుడు. పటము గీయుటయందు, చూచినది చూచినట్లు వ్రాయుటయందు శ్రద్ధ కలిగింపుడు. గని పటమున ఒక్క గీత తప్పిన ఏమగునో ఇంతవరకు వింటిరి.

బాలికలను గూర్చియు ఒక్క మాట. భూగర్భ గనులలో స్త్రీలు పనిచేయుటకు ఉండిన నిషేధమును కేంద్రప్రభుత్వము 2019లో సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగములకు పగటివేళ అనుమతి నొసగినది. ఈ పాఠశాలలోని ఆడబిడ్డ రేపు ఇంజనీరై దీపముతో గనిలో దిగి గ్యాసును కొలువవచ్చును. పదవ తరగతి పిమ్మట ఆమె చదువు మాన్పింపకుడని మా ప్రార్థన.

మన పిల్లలు గనులకు పోవలెననియు, పోరాదనియు మేము శాసింపము. పోయినచో, కప్పు చప్పుడును విని అర్థము చేసికొనగల వివేకముతో పోవలెను. హెచ్చరికను చదివి, తోటివానికి చదివి వినిపింపగలవారై పోవలెను. ఆ శక్తి పుట్టుచోటు ఈ పాఠశాలయే. దీనిని నిలుపుటయందు మీ సహాయము ఎల్లప్పుడును ఉండుగాక.