పొట్ట డయాలసిస్: మీ కిడ్నీ డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్న

ఈ రోజు ఎపిసోడ్ కిడ్నీ డాక్టర్ల ట్రైనింగ్ గురించి. డాక్టర్ల ట్రైనింగ్‌తో మనకేం పని అని స్కిప్ చేయకండి. మీ ఇంట్లోనో, పక్క పోర్షన్‌లోనో డయాలసిస్ మీద ఉన్న మనిషి ఉంటే, ఆయన ఉద్యోగం నిలబడుతుందా లేదా అన్నది చాలాసార్లు ఈ ట్రైనింగ్ దగ్గరే తేలిపోతుంది.

ఒక మనిషిని ఊహించుకుందాం. పాశమైలారంలో కంపెనీ పని, పటాన్‌చెరులో కిరాయి ఇల్లు. రెండు కిడ్నీలూ పనిచేయట్లేదు. మనకు మామూలుగా తెలిసిన డయాలసిస్ అంటే మిషన్ మీద రక్తం శుభ్రం చేయడం. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. పోనూ రానూ ప్రయాణం వేరే. 65వ నంబర్ హైవే మీద ట్రాఫిక్ సంగతి ఈ ఏరియా వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చాక నీరసం. అంటే వారంలో మూడు రోజులు పోయినట్టే. పర్మనెంట్ ఉద్యోగి అయితే కొన్నాళ్లు సెలవులతో నెట్టుకొస్తాడు. కాంట్రాక్ట్ లేబర్ అయితే రాని రోజుకి కూలి లేదు, అంతే.

ఇంకో దారి ఉంది. పెరిటోనియల్ డయాలసిస్, వాడుకలో పొట్ట డయాలసిస్. మన పొట్ట లోపల పేగుల చుట్టూ ఒక పల్చటి పొర ఉంటుంది. ఒక మెత్తటి గొట్టం ద్వారా రెండు లీటర్ల ద్రవం లోపలికి పంపిస్తారు. కొన్ని గంటలు అలా ఉంచితే రక్తంలోని చెత్త, ఎక్కువైన నీరు ఆ పొర గుండా ద్రవంలోకి వస్తాయి. తర్వాత ఆ ద్రవం తీసేసి కొత్త బ్యాగ్ ఎక్కిస్తారు. రోజుకి మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి అరగంట పైచిలుకు. కరెంటు అక్కర్లేదు, హాస్పిటల్ బెడ్ అక్కర్లేదు. షిఫ్టుకి ముందొకటి, షిఫ్టు అయ్యాక ఒకటి, పడుకునే ముందు ఒకటి అని ప్లాన్ చేసుకోవచ్చు. ఇదేం నిన్న మొన్నటి విద్య కాదు. మెత్తటి గొట్టాన్ని టెన్‌కాఫ్ అనే డాక్టర్ 1968లో తెచ్చాడు. బ్యాగులతో ఇంట్లోనే చేసుకునే పద్ధతిని 1976లో అమెరికాలో పోపోవిచ్, మాన్‌క్రీఫ్ ముందుకు తెచ్చారు. హాంగ్‌కాంగ్ 1985 నుంచి ముందు ఇదే అన్న పాలసీ పెట్టుకుంది.

మరి మన దగ్గర ఎందుకింత తక్కువ? అడిగితే వచ్చే జవాబు ఒకటే. "ఇన్ఫెక్షన్ వస్తుందమ్మా, మన వాళ్లకి కుదరదు." ఈ జవాబు మీద నాకు అనుమానం ఉంది. ఇన్ఫెక్షన్ వస్తుంది, నిజమే. కానీ ఎంత వస్తుంది, వస్తే ఏం చేస్తారు అన్నది రోగి పేదరికం కన్నా, చూసే టీమ్ ఎంత నేర్చుకుందన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. మూడేళ్ల డీఎమ్ నెఫ్రాలజీ కోర్సులో మిషన్ డయాలసిస్ రోజూ కళ్ల ముందే ఉంటుంది. పొట్ట డయాలసిస్ పేషెంట్లు తక్కువున్న కాలేజీలో చదివిన డాక్టర్‌కి చెయ్యి తిరిగే అవకాశమే రాదు. చెయ్యి తిరగని పని ఎవరు రికమండ్ చేస్తారు చెప్పండి? పేషెంట్లు లేక డాక్టర్లు నేర్చుకోరు, డాక్టర్లు నేర్చుకోక పేషెంట్లు రారు. అందుకే కోర్సు అయిపోయిన కిడ్నీ డాక్టర్లకి దీని మీద విడిగా అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్ కావాలి అంటున్నది.

అందులో ఏం నేర్పుతారో ఒక్క ఉదాహరణ చూడండి. గొట్టం వేశారు, ద్రవం లోపలికి పోతోంది కానీ బయటికి సరిగ్గా రావట్లేదు. అనుభవం లేని చోట "ఫెయిల్ అయింది, తీసేద్దాం" అంటారు. ట్రైనింగ్ ఉన్న డాక్టర్ మొదట అడిగేది, మోషన్ సరిగ్గా అవుతోందా అని! నవ్వకండి, మలబద్ధకంతో పేగు నిండిపోయి గొట్టాన్ని అడ్డుకోవడం చాలా కామన్. ఎక్స్‌రే తీసి, విరేచనాల మందు ఇస్తే చాలామందికి దారి క్లియర్ అవుతుంది. ఒక మందుతో పోయేదానికి గొట్టమే పీకేస్తే, ఆ మనిషి మళ్లీ హైవే మీద పడ్డట్టే.

అలాగే గొట్టం వేయడం. లోకల్ మత్తు ఇచ్చి, సూది, వైరు సాయంతో కిడ్నీ డాక్టరే వేయొచ్చు. అది నేర్చుకుంటే సర్జన్ డేటు కోసం, ఆపరేషన్ థియేటర్ కోసం వారాలు ఆగక్కర్లేదు. 1987లో ట్వార్డోవ్‌స్కీ ఇచ్చిన పెట్ టెస్ట్ ఇంకొకటి. ఎవరి పొర ఎంత వేగంగా పనిచేస్తుందో నాలుగు గంటల్లో చెప్తుంది. వేగంగా ఉన్నవాళ్లకి ద్రవం తక్కువసేపు, నెమ్మదిగా ఉన్నవాళ్లకి ఎక్కువసేపు ఉంచాలి. అందరికీ ఒకటే చీటీ రాస్తే కాళ్లు వాస్తాయి, పేషెంట్‌కి నమ్మకం పోతుంది.

మన బెల్టుకి పనికొచ్చే పాయింట్ ఒకటుంది. పొట్టలో రెండు లీటర్లు పెట్టుకుని డ్రమ్ములు మోస్తే లోపల ఒత్తిడి పెరిగి హెర్నియా రావొచ్చు. కాబట్టి పేషెంట్ ఏం పని చేస్తాడో డాక్టర్ అడగాలి. లోడింగ్ పని అయితే పగలు పొట్ట ఖాళీగా ఉంచి, రాత్రి నిద్రలో సైక్లర్ మిషన్‌తో చేసే పద్ధతి ఆలోచించొచ్చు. దానికి మాత్రం కరెంటు కావాలి. ఇంటిని కూడా చూడాలి. రోజుకి నాలుగు బ్యాగులంటే నెలకి 120 బ్యాగులు, సుమారు 240 కిలోలు. ఒకే గదిలో నలుగురుండే చోట ఆ డబ్బాలు ఎక్కడ పెడతారు? నర్స్ వెళ్లి కళ్లారా చూస్తే గానీ తేలదు.

ఇక ఇన్ఫెక్షన్. బయటికొచ్చిన ద్రవం క్లియర్‌గా ఉండాలి. మసకగా, బియ్యం కడిగిన నీళ్లలా ఉంటే ప్రమాదం. ఆ బ్యాగ్ పారబోయొద్దు, దాంతోనే అదే రోజు హాస్పిటల్‌కి వెళ్లాలి. ట్రైనింగ్ ఉన్న టీమ్ ముందు శాంపిల్‌ని బ్లడ్ కల్చర్ బాటిల్స్‌లో వేసి ల్యాబ్‌కి పంపుతుంది, రిపోర్ట్ కోసం ఆగకుండా యాంటీబయాటిక్‌ని నేరుగా పొట్ట ద్రవంలోనే మొదలుపెడుతుంది. ఇది ఇంటర్నేషనల్ సొసైటీ ఫర్ పెరిటోనియల్ డయాలసిస్ గైడ్‌లైన్. 2022లో వాళ్లు పెట్టిన టార్గెట్ ఏంటంటే, ఒక పేషెంట్‌కి ఏడాదికి సగటున 0.4 సార్లకు మించి ఈ ఇన్ఫెక్షన్ రాకూడదు. అంటే రెండున్నరేళ్లకి ఒకసారి.

కల్చర్ అని ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్తాను. పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు శుద్ధి చేసే ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీళ్లని స్వీడన్ సైంటిస్ట్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో రిజల్ట్ అచ్చువేసింది. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే దానికన్నా ఎక్కువ. అది అప్పటి లెక్క. 2011లో ఇక్కడి వాగుల మట్టిలో మందులకి లొంగని జీన్లు ఎక్కువున్నాయని ఇంకో పేపర్ వచ్చింది. మీ నాన్నగారి పొట్టలో క్రిమి నక్కవాగు నుంచే వచ్చిందని నేననట్లేదు. అలా తేల్చిచెప్పే ఆధారం లేదు. కానీ ఇలాంటి చోట ఏ మందు పనిచేస్తుందో గుడ్డిగా ఊహించకూడదు, ల్యాబ్‌ని అడగాలి.

థాయ్‌లాండ్ 2008లో ప్రభుత్వ స్కీమ్‌లో పొట్ట డయాలసిస్‌నే ముందు పెట్టినప్పుడు కిడ్నీ డాక్టర్లు సరిపోలేదు. నర్సులకి ట్రైనింగ్ ఇచ్చి, ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తల్ని ఇళ్లకి పంపారు. 2022లో మిషనా, పొట్టా అన్నది పేషెంట్ ఇష్టానికి వదిలారు. నాకైతే అదే సరైనది అనిపిస్తుంది. పొట్టకి ముందే పెద్ద ఆపరేషన్లు అయినవాళ్లకి, ఇంట్లో చేసే తోడు లేనివాళ్లకి మిషనే మేలు కావొచ్చు.

మన దేశంలో 2016లో మొదలైన ప్రధానమంత్రి నేషనల్ డయాలసిస్ ప్రోగ్రామ్‌లో పొట్ట డయాలసిస్‌కి 2019లో గైడ్‌లైన్స్ వచ్చాయి. సంగారెడ్డిలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో నెఫ్రాలజీ డిపార్ట్‌మెంట్ ఉంది. ఇక్కడి డాక్టర్, ఒక నర్స్ కలిసి వెళ్లి, పేషెంట్లు ఎక్కువున్న సెంటర్‌లో కొన్ని వారాలు చెయ్యి పెట్టి నేర్చుకుని వస్తే సరిపోయే మొదలు ఇది.

ఇక ఆ ప్రశ్న. పొట్ట డయాలసిస్ మంచిదా అని అడగకండి. "సార్, మీ దగ్గర ఇప్పుడు ఎంతమంది దీని మీద ఉన్నారు? గొట్టం ఎవరు వేస్తారు? రాత్రి పదింటికి బ్యాగ్ మసకగా కనిపిస్తే ఏ నంబర్‌కి ఫోన్ చేయాలి?" అని అడగండి. మూడోదానికి తడుముకోకుండా జవాబొస్తే, అక్కడ కూర్చుని మిగతా మాట్లాడొచ్చు.