ఆకుకు చిల్లు - కీచురాయి పాట
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మూడేళ్ల క్రితం ఒక రాత్రి మా పెరట్లో కూర్చుని, "ఈ ఏడు కీచురాళ్లే లేవు" అన్నాను. మా మనవరాలు నవ్వి, "తాతయ్యా, చెవులు చిల్లులు పడేలా అరుస్తుంటేనూ!" అంది. లేనిది నా వినికిడి అని అప్పుడు తెలిసింది. ఆ తర్వాతే వాటి గురించి చదవడం మొదలుపెట్టాను.

పాడేది మగ కీచురాయే. ముందు రెక్కలు రెండూ ఒకదానికొకటి రాపాడించి ధ్వని పుట్టిస్తుంది. ఆడది విని, నచ్చినవాడి దగ్గరకు వెళుతుంది. ఆడవాటి ఎంపిక వల్లే మగవాటికి ఇన్ని పాటలూ హంగులూ వచ్చాయని డార్విన్ 1871లో రాశాడు. ఎంపిక ఆడదానిదంటే ఆనాటి పండితులు చాలామంది ఒప్పుకోలేదు.

మన దక్షిణాదిన పొదలమీద బతికే ఒక చిన్న కీచురాయి ఉంది. శాస్త్రీయ నామం ఈకాంథస్ హెన్రీ. ఆడవాటికి గట్టిగా పాడే పెద్ద మగవంటేనే మోజు. మరి చిన్నవాడి గతేమిటి? వాడు ఆకు మధ్యలో తన రెక్కలు పట్టేంత చిల్లు కొరికి, అందులోంచి పాడతాడు. మామూలుగా ఆకు అంచున పాడితే, రెక్కకు ముందువైపు పుట్టిన ధ్వనీ వెనుకవైపు పుట్టిన ధ్వనీ కలిసి ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. మధ్య ఆకు అడ్డుంటే ఆ నష్టం తగ్గుతుంది. మన పాత రేడియోలలో స్పీకరును చెక్కపలక చిల్లుకు బిగించింది ఇందుకే!

బెంగుళూరు భారత విజ్ఞాన సంస్థకు చెందిన రోహిణీ బాలకృష్ణన్ గారి బృందం 2020లో ఈ సంగతి వివరంగా ప్రకటించింది. చిల్లు చేసుకునేవి ఎక్కువగా చిన్నవి, గొంతు తక్కువవి. ఆకు సాయంతో వాటి పాట పెద్దవాటి పాటకు దీటవుతుంది. ఆడవి వస్తాయి, జతకట్టాక పెద్దవాటితో ఉన్నంతసేపూ ఉంటాయి. శాస్త్రవేత్తలు దీన్ని మోసపుటెత్తు అన్నారు. నాకు మాత్రం ఉపాయం అనిపించింది.

ఆకు కొరుక్కోవడానికి ఆ పురుగు సిగ్గుపడలేదు. వినికిడి యంత్రం పెట్టుకోవడానికి నేను రెండేళ్లు సిగ్గుపడ్డాను. ఆ రెండేళ్లూ మా ఆవిడ ఏం చెప్పినా, వినబడకపోయినా తలూపి ఊరుకున్నాను. ఇప్పుడు ఆమె లేదు. పోయిన కార్తికంలో యంత్రం పెట్టుకుని పెరట్లో కూర్చుంటే కీచురాళ్లు వినిపించాయి.

మీలో ఎవరైనా నాలాగే తలూపుతూ కాలక్షేపం చేస్తుంటే, ఈ వారమే చెవి డాక్టరు దగ్గరకు వెళ్లండి. సెలవు.