చెఱువు తాబేలు



వేసవిలో మన పెద్దాపురపు ప్రాంతమున చెఱువు ఎండి, అడుగు బీటలు వారిన తరువాత, పలుగు దిగినచోట రాయివంటిది తగులుటయు, పైకి తీసి చూడగా అది తాబేలగుటయు మట్టి త్రవ్వినవారికి క్రొత్త కాదు. చచ్చినదని గట్టుమీద పాఱవైచినది కొంత సేపటికి మెల్లగ కాలు చాచును. అది చావలేదు, వానకొఱకు నిద్రించుచున్నది. నేటి ప్రసంగము ఆ తాబేటిని గూర్చియే.

తాబేలనగానే మనకు గళ్లుగళ్లుగా నుండు గట్టి డిప్ప తోచును. అది మెట్టతాబేటి డిప్ప. చెఱువు తాబేటి వీపు నునుపైనది. ఎముక పలకలమీద తోలు కప్పియుండును. రంగు బురదరంగే. ముక్కు చిన్న గొట్టమువలె ముందుకు వచ్చియుండుటచే, ఒడలంతయు నీట దాచి ఆ కొన మాత్రము పైకెత్తి గాలి పీల్చుకొనును. శాస్త్రజ్ఞులు దీనికి లిస్సెమిస్ పంక్టాటా యని పేరిడిరి. పంక్టాటా యనగా చుక్కలు గలది. ఉత్తరదేశపు వానికి పసుపుపచ్చని చుక్కలుండును గాని, దక్షిణదేశపు వానికి సామాన్యముగ నుండవు.

దీని క్రింది డిప్పకు వెనుకప్రక్క రెండు తోలుఱెక్కలు కలవు. వెనుకకాళ్లు లోనికి ముడుచుకొనగానే అవి తలుపులవలె మూతపడును. ముందుభాగమును పైకి లేచి తలను మూయును. గీత రెండవ యధ్యాయమున స్థితప్రజ్ఞుని తాబేటితో పోల్చుట మీరెఱిగినదే. చాల తాబేళ్లు అవయవములను ముడుచుకొనును. ఇది ముడుచుకొని తలుపు కూడ వేసికొనును!

ఇక దీని తిండి. నత్తలు, కప్పలు, పురుగులు, నీటిమొక్కలు, చచ్చిన చేపలు, ఒకప్పుడు బ్రదికియున్న చేపలును. చేపల చెఱువులవారు దీనిని దొంగయని కొట్టుచుందురు. అది చేపను ముట్టదని నేను చెప్పను. కాని నీటిలో కుళ్లు కళేబరమును తిని శుభ్రపఱచునది అదియే యని కూడ లెక్కలో వ్రాసికొనవలెను.

ఆడది గట్టున మెత్తని నేల త్రవ్వి, పెద్ద యుసిరికాయంతటి గుండ్రని తెల్లని గ్రుడ్లు పెట్టి, మట్టి కప్పి పోవును. మఱల వచ్చి చూడదు. కోడిగ్రుడ్డు మూడు వారములలో పిల్ల యగును. దీని గ్రుడ్డునకు కొన్నిచోట్ల తొమ్మిదినెలల వఱకు పట్టును. అంతకాలము గట్టు కదలక యుండవలెను.

1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై, కాలువలును వరిచేలును విస్తరించుటతో డెల్టాలో దీనికి నెలవులు హెచ్చెను. ఎండకాలమున కాలువలు కట్టివేసినను బురదలో నెలలతరబడి యుండగలదు. కరవునకు జడియని యీ ప్రాణికి ఇప్పుడు గోనెసంచి శత్రువైనది. మన గోదావరి మండలములలో పట్టి, మాంసమునకై ఒడిశావైపు తరలించుచుండగా అటవీశాఖవారు పట్టుకొన్న వార్తలు పలుమాఱులు వచ్చినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున ఇది మొదటి షెడ్యూలులోనిది. పులి యున్నదియు ఆ షెడ్యూలులోనే. పట్టినను, అమ్మినను మూడేండ్లకు తక్కువ గాకుండ ఏడేండ్ల వఱకు చెఱ. కూలికి సంచులు మోసిన కుఱ్ఱవాడు ఈ సంగతి యెఱుగడు. కేసులో మొదట చిక్కువాడు వాడే. మీ యూరి పిల్లలకు ఈ మాట మీరు చెప్పిన చెవిని బెట్టుదురు.

పూర్వము పలుగుతో త్రవ్వునపుడు తగిలినదానిని చూచి ప్రక్కకు తీయుటకు వీలుండెడిది. పొక్లెయిను తొట్టిలో అట్లు కనబడదు. కావున పూడిక తీయు దినమున ఎవరినైన ఒకరిని గట్టుమీద నిలుపుడు. కనబడినదానిని దగ్గఱ నున్న మఱియొక తడిబురదలో విడువవచ్చును. ఒక్కచోట పెక్కు బయటపడినచో అటవీశాఖవారికి కబురు పంపుడు. గట్టు త్రవ్వునపుడు తెల్లని గ్రుడ్లు అగపడిన, అచ్చటి మట్టిని తిరిగి కప్పి, రెండడుగు లవతల త్రవ్వుకొనుడు.