కంటికి కనబడని గుర్రపు తల
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి పెద్దలు ఇప్పటికే వివరంగా చెప్పారు. భోజనాలకు ముందు ఓ పావుగంట వేరే విషయం ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరారు. సర్వీసంతా ఫోటో సెక్షన్‌లో ఎర్రబల్బు వెలుగులో గడిపినవాణ్ణి. రిటైరయ్యాక ఆకాశాన్ని ఫోటో తీయడం వ్యాపకంగా పెట్టుకున్నాను. ఆ సంగతే మనవి చేస్తాను.

పుష్య, మాఘ మాసాల్లో రాత్రి తొమ్మిది ప్రాంతాన తలెత్తి చూస్తే ఒకే వరసలో మూడు నక్షత్రాలు కనబడతాయి. వాటికి ఉత్తరాన ఎర్రగా ఉండేది ఆరుద్ర. ఆ మూడింటిలో తూర్పుదానికి కాస్త దక్షిణంగా గుర్రపు తల నీహారిక ఉంది. దూరం సుమారు 1,400 కాంతి సంవత్సరాలు. వెనక హైడ్రోజన్ వాయువు ఎర్రగా వెలుగుతూ ఉంటుంది. దాని ముందు దట్టమైన ధూళి మేఘం అడ్డంగా ఉంది. తెల్లవారుజామున ఆకాశం ముందు తాటిచెట్టు నల్లగా కనబడినట్లు, ఆ మేఘం గుర్రపు తల ఆకారంలో కనబడుతుంది.

కానీ మామూలు కంటికి కనబడదు. మన కన్ను వెలుగును దాచుకోలేదు. వచ్చినది వచ్చినట్టే ఖర్చు చేసేస్తుంది. ఫిల్ము గానీ, డిజిటల్ కెమెరా గానీ చూరు కింద పెట్టిన గిన్నెలాంటివి. ఒక్కొక్క చుక్కే పడినా, ఓపిక పడితే గిన్నె నిండుతుంది.

అయితే ఆకాశం నిలకడగా ఉండదు. గంటకు 15 డిగ్రీల చొప్పున పడమటికి జరుగుతూ ఉంటుంది. కనుక కెమెరాను మోటారు పీఠం మీద బిగించి, పీఠం ఇరుసును ధ్రువనక్షత్రం వైపుకు సరిచూసుకోవాలి. హైదరాబాదు నుంచి ధ్రువుడు దిక్చక్రానికి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఉత్తరాన ఒక మేడ ఉంటే చాలు, మరి కనబడడు. అందుకే అమావాస్య రోజులు చూసుకుని మా పల్లెకు వెడతాను. సామాన్య కెమెరాలో ఒక ఫిల్టరు ఉంటుంది. అది హైడ్రోజన్ ఇచ్చే 656 నానోమీటర్ల ఎరుపును చాలావరకు ఆపేస్తుంది. నా పాత కెమెరాలో దాన్ని తీయించాను.

మూడేసి నిమిషాల చొప్పున 64 ఫోటోలు తీస్తాను. మొత్తం మూడు గంటల పన్నెండు నిమిషాలు. తరువాత మూత పెట్టి అంతే సేపటి చీకటి ఫోటోలు కొన్ని, సమంగా వెలిగే తెల్ల తెరవి కొన్ని తీస్తాను. మొదటివి కెమెరా సొంత మచ్చలను, రెండోవి కటకం మీది దుమ్మును, అంచుల మసకను పట్టిస్తాయి. ఇంటికి వచ్చి కంప్యూటరులో ఆ దోషాలు తీసివేసి, 64 ఫోటోలనూ నక్షత్రం మీద నక్షత్రం పడేలా పేర్చి సగటు తీస్తాను. ఒక్క ఫోటోలో ఉన్న గరుకుదనం ఇందులో ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. ఎందుకంటే గరుకుదనం ఒక్కో ఫోటోలో ఒక్కో చోట పడుతుంది. గుర్రం మాత్రం ప్రతిదానిలోనూ అక్కడే ఉంటుంది.

మా మనవరాలు అడిగింది, “తాతయ్యా, ఇది కంప్యూటర్ వేసిన బొమ్మే కదా?” అని. న్యాయమైన ప్రశ్న. డార్క్‌రూములో మనం గట్టి పేపరు వాడేవాళ్ళం, ఎన్‌లార్జరు కింద చెయ్యి అడ్డుపెట్టి ఒక మూలను తేలిక చేసేవాళ్ళం. నెగటివులో ఉన్నదాన్ని కనబడేలా చేయడం అది. లేనిదాన్ని గీయడం వేరు. మసకగా ఉన్నదాన్ని పైకి తేవచ్చును గానీ, నల్లగా ఉన్నచోట గుర్రానికి కన్ను పెట్టకూడదు. నేను పాటించే నియమం ఇదొక్కటే.

ఈ గుర్రపు తలను మొదట గుర్తించినది 1888లో, అమెరికాలోని హార్వర్డ్ వేధశాలలో. గాజు ప్లేటు మీద ఫోటో తీసినది విలియం పికరింగ్. ఆ ప్లేటును పరిశీలించి, వెలుగులో అర్ధవృత్తాకారపు నొక్కు ఉందని పట్టుకున్నది విలియమినా ఫ్లెమింగ్. ఈమె స్కాట్లాండులోని డండీ నుంచి వెళ్ళి, భర్త వదిలిపోగా, వేధశాల డైరెక్టరు ఎడ్వర్డ్ పికరింగ్ ఇంట్లో పనిమనిషిగా చేరి, 1881లో వేధశాల ఉద్యోగి అయిన మహిళ. కానీ 1895లో డ్రేయర్ నీహారికల పట్టిక అచ్చువేసినపుడు హార్వర్డ్ వారు కనుగొన్నవన్నీ పికరింగ్ పేరునే రాశారు. 1908 నాటి రెండవ పట్టికలో గానీ ఆమెకు తగిన గుర్తింపు రాలేదు. 1911లో ఆమె కన్నుమూశారు.

నోట్ రాసేదొకరు, సంతకం ఒకరిది కావడం మనకు కొత్త కాదు. ఈ గదిలో అలాటివారు చాలామందే ఉన్నారు. హార్వర్డులో ఐదు లక్షలకు పైగా గాజు ప్లేట్లు భద్రపరిచారు కనుక, ఎవరు ఏం చూశారో ఇవాళ సరిచూసుకోగలుగుతున్నాము. మన దగ్గర ఏముంది? ఇళ్ళలో అట్టపెట్టెల్లో ఉన్న ఆఫీసు గ్రూపు ఫోటోలు ఉన్నాయి. ముందు వరస కుర్చీల్లోని అధికారుల పేర్లు కింద అచ్చయి ఉంటాయి. వెనక నిలబడ్డ అటెండర్లు, డ్రైవర్లు, టైపిస్టులు, డార్క్‌రూమ్ సహాయకుల పేర్లు ఉండవు. వారిని గుర్తుపట్టగలవారు మనమే, ఏటేటా తగ్గిపోతున్నాము.

అందుచేత నా విన్నపం ఒక్కటే. ఆ ఫోటోలు సంఘం ఆఫీసుకు తీసుకురండి. కాపీ తీసి అసలు మీకే ఇచ్చేస్తాను. మాసినవి నాకు చేతనైనంత పైకి తెస్తాను. చివరి వరస దాకా పేర్లు మీరు చెప్పండి, వెనక పెన్సిలుతో రాద్దాము.